పెన్సిలు కింది ముఖం

సోమవారం మధ్యాహ్నం కొడుకు వెంట స్టూడియోకు వచ్చిన సమ్మమ్మ, కంప్యూటరు తెర మీద వెలుగుతున్న తన పెనిమిటి ముఖాన్ని చాలాసేపు చూసింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. ఆ తరువాత, ఎవరినీ తప్పుపట్టని గొంతుతో ఒకే మాట అడిగింది.

“ఈయన ఎవలు బిడ్డా?”

కంప్యూటరు ముందు కూర్చున్న ప్రీతి, తెర మీది ఫైలు పేరు మరోసారి చూసుకుంది. కొడుకు భాస్కర్‌కు మాత్రం చిరాకు వేసింది.

“బాపు గాక ఇంకెవలే అవ్వా? మనింట్ల గోడకున్న ఫోటోనే గద. గదే పట్టుకొచ్చి ఇచ్చిన పోయిన వారం.”

“గోడకున్నాయన నాకు ఎరికే. నలభై ఏండ్ల సంది చూస్తాన్న,” అంది సమ్మమ్మ. “మీ బాపు ఏడని అడుగుతాన్న.”

గది వెనుక భాగంలో, తనకు మిగిలిన చిన్న బల్ల దగ్గర పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్న ప్రీతి తండ్రి జ్ఞానప్రకాశం చేయి కట్టరు పిడి మీదనే ఆగిపోయింది. అతను తల ఎత్తలేదు. అరవై ఎనిమిదేళ్ల వయసులో తల ఎత్తడం కూడా ఒక నిర్ణయమే.

విషయం పైకి చిన్నదే. కొత్తవాడలో షత్రంజీ జంపఖానాలు నేసి ఒక్కగానొక్క కొడుకును పెంచింది సమ్మమ్మ. ఆమె భర్త మొగిలయ్య మిల్లు కార్మికుడు. చనిపోయి ముప్పై ఎనిమిదేళ్లయింది. ఇంతకాలం మట్టిదిబ్బగానే ఉన్న అతని గోరీకి భాస్కర్ ఈ మధ్య సిమెంటు గద్దె కట్టించాడు. తలాపున నల్ల గ్రానైటు పలక నిలబెట్టి, దాని మీద తండ్రి ముఖం చెక్కించాలని అతని కోరిక. ఇప్పుడా పని ఉలితో చేయరు. కంప్యూటరు ఫైలు ఇస్తే, మిషను చుక్కచుక్కగా ముఖాన్ని రాతి మీదికి దింపుతుంది. వచ్చే ఆదివారం మొగిలయ్య పోయిన రోజు. ఆ లోపల పలక నిలబడాలంటే ఫైలు గురువారానికి అందాలని రాయి పనివాడు ఖండితంగా చెప్పాడు. గద్దె మీద ఆ పలక పక్కనే మరో పలకకు సరిపడా చోటు వదిలారు. అది ఎవరికోసమో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, సమ్మమ్మతో సహా.

ప్రీతి తన పని తాను శ్రద్ధగానే చేసింది. గోడ ఫోటోను స్కాన్ చేసి, చెమ్మ మరకలు తుడిచి, పసుపెక్కిన తెలుపును తెల్లబరిచి, మొగిలయ్య వేసుకున్న తెల్లచొక్కా స్థానంలో నీలం కోటు తొడిగి, వెనుక మబ్బులు పెట్టింది. అందరూ అడిగేది అదే కనుక ఎవరూ అడగకుండానే పెట్టింది.

“కోటు వద్దా పెద్దమ్మా? తీసేస్త,” అంది ప్రీతి.

“కోటుతోటి నాకు పంచాయితీ లేదు బిడ్డా. పాపం ఏనాడూ తొడగలే, తొడుగనీ. మొఖం మీద తల్లి ముద్రలేవి?”

“ఏం ముద్రలు?”

“చిన్నప్పుడు పోచమ్మ తల్లి పోసింది ఆయనకు. ఊర్ల ఇంటికొకలు పోయిన్రట గా ఏడు. ఈయన బతికిండు. మొఖం నిండ గుంటలే. పెండ్లిల తెర తీసినంక చూసి నాకు ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. తర్వాత అవే ఎరుకయినయ్. చీకట్ల చెయ్యి పెడితే ఈయనే అని తెలిసేది.”

భాస్కర్ నేల చూపులు చూశాడు. తండ్రి పోయేనాటికి అతనికి నాలుగేళ్లు. అతని లెక్కలో తండ్రి అంటే గోడ మీది నున్నటి ముఖమే. అగరుబత్తి వెలిగించింది ఆ ముఖానికి, పదో తరగతి పాసైన కాగితం చూపించింది ఆ ముఖానికి.

“నాకు ఎన్నడూ చెప్పలేదేందే?” అన్నాడు.

“అడిగినవా మరి?”

జ్ఞానప్రకాశం అప్పుడు తల ఎత్తాడు. లేచి, మోకాళ్లు కుదురుకునేదాకా బల్ల పట్టుకుని నిలబడి, మెల్లగా వచ్చి తెర ముందు ఆగాడు. చూడనక్కర లేదు, ఆ ముఖం అతనికి తెలుసు. దాన్ని తయారుచేసింది అతనే.

*

అది 1982వ సంవత్సరం. పోచమ్మ మైదాన్‌లోని ఈ గదిలోనే స్టూడియో పెట్టి అప్పటికి మూడేళ్లు. మెట్ల కింది చీకటి గదిలో ఎర్ర బల్బు, మూడు ట్రేలు, ఫోటోలు కడిగే హైపో మందు వాసన; బయటి గదిలో గొడుగు దీపాలు, రంగు తెర. వీటన్నిటికంటే ముఖ్యమైనది కిటికీ పక్కన ఉండే రిటచింగ్ బల్ల. ఏటవాలు పలక మధ్యలో పాలగాజు, దాని కింద వెలుతురును పైకి తోసే అద్దం. ఆ గాజు మీద నెగటివ్ పెట్టి, గరుకు కాగితం మీద సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖాలను బాగుచేసేవాడు.

నెగటివ్‌లో లోకమంతా తారుమారుగా ఉంటుంది. వెలుగు నల్లగా, నీడ పారదర్శకంగా కనిపిస్తాయి. ముఖం మీద గుంట ఉంటే ఫిల్మ్ మీద అది చిన్న కిటికీలా వెలుగుతుంది. ఆ కిటికీని పెన్సిలుతో, కంటికి ఆనని చుక్కలతో మూసేస్తే ముద్రించిన ఫోటోలో గుంట పూడిపోతుంది. పెన్సిలు పట్టడానికి ముందు ఫిల్మ్ మీద పల్చటి జిగురుమందు పూయాలి. చుక్క బరువైతే తెల్లమచ్చ అవుతుంది, తేలికైతే గుంట మిగులుతుంది. కాజీపేటలో అతనికి పని నేర్పిన రత్నం మాస్టారు రోజుకొకసారైనా అనేవాడు: “కెమెరాకు జాలి ఉండదురా. జాలి మన పెన్సిలుకుండాలె.”

మొగిలయ్య ఒక ఆదివారం వచ్చాడు. నూనె పెట్టి దువ్విన తల, ఉతికిన తెల్లచొక్కా. కుర్చీలో కూర్చున్నాడు గాని ముఖం కెమెరాకు ఇవ్వడానికి మనసొప్పక, పక్కకు తిప్పుకుంటూనే ఉన్నాడు. జ్ఞానప్రకాశానికి అప్పుడు ఇరవై ఏడేళ్లు. తన పెన్సిలు మీద తనకున్న నమ్మకానికి అలాంటి ముఖమే కావాలి. రెండు రోజులు, ఇంకే పనీ ముట్టుకోకుండా, ఒక్కొక్క గుంటనూ పూడ్చాడు. బుగ్గలు నున్నబడ్డాయి, ముక్కు తేరింది, నుదురు వెలిగింది. అయినా అది బొమ్మలా లేదు, మనిషిలాగే ఉంది. చర్మం చర్మంలాగే ఉంది. ఆ పనిలో కష్టమంతా అక్కడే ఉందని ఆ విద్య తెలిసినవాళ్లకే తెలుసు.

ఫోటో తీసుకోవడానికి వచ్చిన మొగిలయ్య దాన్ని గుమ్మం దాకా తీసుకుపోయి, వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. వీధిలో రెండు రిక్షాలు వెళ్లిపోయాయి.

“నేను గిట్లుంటనా సార్?” అని అడిగాడు చివరికి.

“మీరే గదన్నా,” అన్నాడు జ్ఞానప్రకాశం.

మొగిలయ్య ఇంకో రెండు కాపీలు అడిగాడు. మరో కాపీని జ్ఞానప్రకాశం పెద్దది చేసి షోకేసులో పెట్టుకున్నాడు. అది అక్కడ పదకొండేళ్లు ఉంది. మచ్చలున్నవాళ్లు, మొటిమలున్నవాళ్లు, కాలిన గాయాలున్నవాళ్లు వచ్చి ఆ ఫోటోకేసి వేలు చూపించి, “గట్ల రావాలె,” అనేవారు. స్టూడియోకు మంచి పేరు ఆ ముఖం మీదనే వచ్చింది. ఆ మనిషి అసలు ముఖం ఎలా ఉండేదో వాళ్లలో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే ఆ పని విలువ ఇంకా తెలిసేదని అతను అప్పట్లో బాధపడేవాడు కూడా.

తరువాత రంగు ఫోటోలు వచ్చాయి, ఆ తరువాత కంప్యూటర్లు వచ్చాయి. యాభై దాటిన వయసులో హన్మకొండలోని ఒక శిక్షణ కేంద్రంలో, తనకంటే ముప్పై ఏళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చుని అతను కూడా మౌసు పట్టుకున్నాడు. మొదటిరోజు అక్కడి మాస్టారు ఒక అమ్మాయి బుగ్గ మీది మొటిమను ఒక్క నొక్కుతో మాయం చేశాడు. క్లాసంతా నవ్వి చప్పట్లు కొట్టింది. జ్ఞానప్రకాశానికి మాత్రం ఉన్నట్టుండి అలసట ముంచుకొచ్చింది. తన ముప్పై ఏళ్ల నేర్పు అంత తేలిక అయిపోయిందని కాదు. ఆ మొటిమ ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు. తరువాత పదేళ్లు అతను కూడా అడగలేదు. పెళ్లి ఆల్బముల్లో వరసపెట్టి ముఖాలు తెల్లబరిచాడు, నడుములు సన్నబరిచాడు, మరిపెడ దాటి ఎరగని జంటలను మంచుకొండల ముందు నిలబెట్టాడు. కళ్లు మసకలు కమ్మి ఆపరేషను అయ్యాక మౌసు కూతురికి అప్పగించి, కత్తిరించే బల్ల దగ్గరికి జరిగాడు. చీకటి గదిలో ఇప్పుడు ఫ్లెక్సీ చుట్టలు, ఇంటర్నెట్టు పెట్టె ఉంటాయి.

*

“మచ్చలు పెట్టొచ్చు పెద్దమ్మా, జర కూసో,” అని ప్రీతి ఇంటర్నెట్టులో వెతికి, ఎవరివో స్ఫోటకపు మచ్చలున్న చర్మాన్ని తెచ్చి మొగిలయ్య ముఖం మీద పరిచింది.

“జల్లెడ,” అంది సమ్మమ్మ.

తగ్గించింది.

“ఇప్పుడు ఇడ్లీ.”

భాస్కర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ప్రీతి కూడా నవ్వి, మళ్లీ మొదటికి వచ్చి, “ఏడేడ ఉండెనో నువ్వే చెప్పు,” అంది. సమ్మమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని తెర మీద వేలు పెట్టింది. జీవితమంతా పడుగు పోగులు లెక్కపెట్టిన వేలు అది. ముక్కు పక్కన మూడు, వాటి కింద ఒకటి విడిగా. గడ్డం మీద రెండు ఒకదానికొకటి తగులుతూ. ఎడమ కనుబొమ్మ మీద ఒకటి పెద్దది, చింతగింజంత. ఎక్కడెక్కడని తడుముకోలేదు. ఆమె చూపించిన చోటల్లా ప్రీతి ఒక్కొక్క గుంట పెట్టుకుంటూ వచ్చింది. గంటన్నర గడిచింది. లెక్క సరిపోయింది. ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు.

అన్నీ చెప్పిన చోటనే ఉన్నాయి. అయినా అది అద్దం మీద ఈగలు వాలినట్టుంది. ముఖం వేరు, మచ్చలు వేరు.

“నీ తప్పు కాదు బిడ్డా,” అంది సమ్మమ్మ, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంటూ. “ఉత్త పేరు రాయించు భాస్కరా. మొఖమొద్దు.”

“అదేందే? అందరి గోరీల మీద మొఖాలుంటయి, బాపుకు లేకపోతే ఎట్ల?”

“గా నున్నటాయన్ను పెట్టుకుంటే పెట్టుకో. నన్ను మాత్రం ఆయన పక్కపొంట పెట్టకు. పరాయి మొగోని పక్కన నేను పండుకోను.”

పక్కన వదిలిన చోటు గురించి మొదటిసారి ఒకరు పైకి మాట్లాడారు.

“నెగటివ్ ఉండాలె,” అన్నాడు జ్ఞానప్రకాశం.

ముగ్గురూ అతనివైపు తిరిగారు. అన్న తరువాత ఎందుకన్నానా అనిపించింది అతనికి. ఉంటే ఎక్కడుందో వెతకాలి. దొరికితే ఏం చేయాలో అతనికి అప్పుడే తెలిసిపోయింది.

“నెగటివ్‌ల గూడ మచ్చలు లేవు గద డాడీ?” అంది ప్రీతి.

“ఉన్నయి. పెన్సిలు కింద ఉన్నయి. నేను మూసిన, తుడవలే.”

*

మంగళవారమంతా వెతుకులాటకే సరిపోయింది. ఫ్లెక్సీ చుట్టలన్నీ బయటికి మోసి, చీకటి గది మూలనున్న ఇనుప బీరువాను తెరిచారు. జ్ఞానప్రకాశం ప్రతి నెగటివ్‌నూ విడి కవరులో పెట్టి, ఏడాది, వరుస సంఖ్య, పేరు రాసి, రిజిస్టరులో ఎక్కించేవాడు. ఆ పద్ధతిని చూసి తోటి ఫోటోగ్రాఫర్లు, నువ్వు స్టూడియో పెట్టినవా తాసీల్దారు కచేరీ పెట్టినవా అని ఆటపట్టించేవారు. ఇప్పుడు ఆ పద్ధతి వల్ల సాయంత్రానికల్లా కవరు దొరికింది: 1982, నాలుగువందల పదిహేడు, మొగిలయ్య, మిల్లు. అంచుల్లో బూజు పట్టింది. ముఖానికి బూజు చేరలేదు.

వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశాడు. ఫిల్మ్ మీద బొమ్మ నిలిచే మందు పూత మీద పెన్సిలు సీసం సన్నగా, చేప పొలుసులా మెరిసింది. నలభై ఏళ్ల కింద తన చెయ్యి ఎంత నిదానంగా ఉండేదో ఆ మెరుపులో కనిపించింది. ఇప్పుడు ఆ చెయ్యే నెగటివ్ అంచును పట్టుకుని వణుకుతోంది.

“ముందు ఇట్లనే స్కాన్ తీసి పెడత డాడీ,” అంది ప్రీతి. “నీ పని పోకుంట ఉంటది.”

“తియ్యి. ఫోటో ఉంటది,” అన్నాడు అతను. పని ఉండదని అనబోయి ఊరుకున్నాడు. కూతురు ప్రేమతో అన్న మాటను సరిదిద్దే ఓపిక లేదు.

బుధవారం పొద్దున సమ్మమ్మ, భాస్కర్ మళ్లీ వచ్చారు. జ్ఞానప్రకాశమే రమ్మన్నాడు. ఆమెను అడగకుండా చేయదగిన పని కాదది.

“ఒక మాట చెప్పాలె అక్కా. ఇది నలభై ఏండ్ల ఫిల్మ్. టర్పెంటైన్ పెట్టి తుడిస్తే పెన్సిలు ఊడొస్తది. దాంతోటి బొమ్మ ఉన్న మందు గూడ ఊడితే ఉన్న మొఖం గూడ పోతది. నా చెయ్యి మునుపటి లెక్క లేదు.”

“ఊఁ.”

“ఇంకొకటి. మొగిలయ్యన్నకు ఈ ఫోటో బగ్గ నచ్చింది. గీ గడపల నిలబడి చూసుకున్నడు. నాకు యాదికున్నది. ఆయన ఉంటే తుడవనిస్తడో లేదో.”

సమ్మమ్మ గడపవైపు చూసింది, మొగిలయ్య ఇంకా అక్కడే నిలబడి ఉన్నట్టు.

“తుడవనియ్యడు,” అంది. “నాకెరికే సారూ. ఒక కాపీ మిల్లుల డబ్బాల పెట్టుకుండు. అన్నం డబ్బా తీసినప్పుడల్ల చూసుకునేదట, తోటోళ్లు చెప్పిన్రు. గందుకే ఇన్నేండ్లు నోరు తెరవలే. గోడ మీద ఆయన ఇష్టమే నడిచింది. రాయి మీద మాత్రం నా ఇష్టం నడువనీ.”



రిటచింగ్ బల్ల ఎప్పుడో పోయింది. ప్రీతి తన సెల్‌ఫోను తెరను పూర్తిగా తెల్లబరిచి, దాని మీద గాజు పలక పెట్టింది. జ్ఞానప్రకాశం కుర్చీ లాక్కుని, మోచేతులు రెండూ బల్లకు ఆనించి, దూదిని చిన్న ఉండగా చేసి టర్పెంటైన్‌లో ముంచి పిండాడు. ఆ వాసనకు ఒక్కసారిగా పాత గది అంతా లేచి నిలబడినట్టయింది. గడ్డం దగ్గర మొదలుపెట్టాడు. దూదిని రుద్దలేదు, ఊరికే ఆనించి ఎత్తాడు. మళ్లీ ఆనించి ఎత్తాడు. దూది బూడిదరంగుకు తిరిగింది. ఫిల్మ్ మీద ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. దాని పక్కన, దానికి తగులుతూ, ఇంకొకటి.

“గడ్డం మీద రెండు,” అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

“తగులుకుంట,” అంది సమ్మమ్మ అతని భుజం వెనుక నుంచి.

ఆ తరువాత పైకి జరిగాడు. ఎడమ బుగ్గ, ముక్కు, కుడి బుగ్గ, నుదురు. వణుకు వచ్చినప్పుడల్లా చేయి పక్కకు తీసి, తగ్గేదాకా ఆగాడు. రెండు రోజుల పని నాలుగు దూది ఉండల్లోకి వచ్చేసింది. మందు పూత ఎక్కడా లేవలేదు. లేచి ఉంటే, పనికిరాదని చెప్పి పడుకోవచ్చునని మనసులో ఎక్కడో ఉన్నట్టుంది. లేవలేదని తెలిశాక ఊరట కలగలేదు, నడుము నొప్పి మాత్రం తెలిసింది.

నెగటివ్ ఆరాక ప్రీతి స్కానరులో పెట్టింది. వెలుగు గీత మెల్లగా ఒక చివర నుంచి మరో చివరకు నడిచింది. తెర మీద ముఖం వచ్చింది.

నున్నగా.

గడ్డం మీద రెండు లేవు. ముక్కు పక్కన మూడు లేవు. జ్ఞానప్రకాశం ఒకసారి ఎండిన నెగటివ్‌నూ ఒకసారి తెరనూ చూశాడు. తన కళ్లే మళ్లీ మోసం చేశాయేమోననుకున్నాడు.

“ఆగు ఆగు,” అంది ప్రీతి. తెర మీద ఏవో గడులు తెరిచి చూసి, నుదురు కొట్టుకుంది. “దుమ్ము తీసేది ఆన్ చేసి ఉన్నది డాడీ. పాత ఫోటోల మీద దుమ్ము, గీతలు ఉంటయి గద, అదే చూసుకొని తీసేస్తది. ఈ మచ్చలన్ని దుమ్మనుకుంటాంది.”

జ్ఞానప్రకాశం సన్నగా నవ్వాడు. ఆ మూడు రోజుల్లో అతను నవ్వింది అప్పుడే. యంత్రం మీద అతనికి కోపం రాలేదు. ఇరవై ఏడేళ్ల కుర్రవాడొకడు అచ్చం అలాగే, అంతే నమ్మకంతో, ఒకప్పుడు వాటిని దుమ్మనుకున్నాడు.

ప్రీతి ఆ గడిలోని గుర్తు తీసేసి మళ్లీ స్కాన్ పెట్టింది.

ఈసారి వచ్చినవాడు వేరు. వెలుతురు ఒక పక్క నుంచి పడి, ముఖమంతా వాన చినుకులు పడి ఆరిన మెత్తటి నేలలా ఉంది. కళ్లు అవే. కానీ నున్నటి ముఖంలో దర్జాగా కనిపించిన కళ్లు ఈ ముఖంలో బెదురుగా, కెమెరా ఎప్పుడు వదులుతుందా అని చూస్తున్నట్టుగా ఉన్నాయి. పెదవి అంచున ఒక ఓర్పు ఉంది. అది అప్పుడు జ్ఞానప్రకాశానికి కనబడలేదు. లేదా, కనబడి పూడ్చాడు.

భాస్కర్ తెరకు దగ్గరగా వంగాడు. నలభై రెండేళ్ల మనిషి, పరాయి ఇంటి గుమ్మంలో తలుపు తీసిన మనిషిని చూసినట్టు చూశాడు.

“ఈయన ఎవలే?” అన్నాడు మెల్లగా.

“మీ బాపు,” అంది సమ్మమ్మ.

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. మొన్నటిలాగే వేలు పెట్టి, గడ్డం నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటీ తాకుతూ పైకి పోయింది. చూడడం లేదు, కళ్లు మూసుకునే ఉంది. అయినా వేలు తప్పిపోలేదు. ఎడమ కనుబొమ్మ దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడ కళ్లు తెరిచింది.

“ఇక్కడ పెద్దదొకటి ఉండాలె సారూ.”

జ్ఞానప్రకాశం ఆ చోటును చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ గుంట అంచు దీపం కాంతికి తళుక్కుమనేది. నెగటివ్‌లో అది నల్లటి చుక్క. నలుపును పెన్సిలు మూయలేదు. అందుకని బ్లేడు మొనతో అక్కడి మందును గీకేశాడు, ఊపిరి బిగబట్టి, ఒకేసారి. ఆ ఒక్క గీకుడు చూసి, స్టూడియోకు వచ్చిన రత్నం మాస్టారు అతని వీపు తట్టాడు.

“అది పెన్సిలు పని కాదక్కా. బ్లేడుతోటి తీసిన. ఫిల్మ్ మీద ఏం మిగలలే. తుడిస్తే రాదు.” ఆ తరువాత చెప్పవలసిన మాట చెప్పాడు. “తప్పయింది.”

సమ్మమ్మ వేలు ఆ కనుబొమ్మ మీదనే ఉంచింది.

“నేను పెడత పెద్దమ్మా,” అంది ప్రీతి. “కుడి బుగ్గ మీద అసొంటిదే ఉన్నది. అది ఆయనదే గద. అది తీసుకొని ఇక్కడ కూసోపెడితే మనకే తెల్వదు.”

“నాకు తెలుస్తది.”

“మరి?”

సమ్మమ్మ ఖాళీ కనుబొమ్మ మీది వేలును మెల్లగా తీసుకుంది.

“ఉండనీ,” అంది. “అన్ని రాయి మీదికే ఎందుకు పోవాలె? గదొక్కటి నా దగ్గర ఉండనీ.”

భాస్కర్ ఫైలును సెల్‌ఫోనులో రాయి పనివాడికి పంపించాడు. పంపే ముందే కోటు వద్దన్నాడు, మబ్బులు వద్దన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. ప్రీతి తెల్లచొక్కాను నెగటివ్‌లో ఉన్నట్టే ఉంచింది. ఐదు నిమిషాల్లో రాయి పనివాడు ఫోను చేసి, ముఖం మీద మచ్చలున్నాయి, ఉంచాలా తీసేయాలా అని అడిగాడు. భాస్కర్ ఫోను చెవికి పెట్టుకునే తల్లిని చూశాడు.

“ఉంచున్రి,” అన్నాడు. “ఒక్కటి గూడ తీయకున్రి. మా బాపు గట్లనే ఉంటడు.”

వాళ్లు వెళ్లబోతుంటే జ్ఞానప్రకాశం అడగకూడదనుకుంటూనే అడిగాడు.

“అక్కా, గోడకున్న పాతది తీసేస్తరా?”

“ఎందుకు తీస్త? అది ఆయన మెచ్చుకున్నది.” సమ్మమ్మ చెప్పులు తొడుక్కుంటూ, గోడ ఊతగా పట్టుకుని, అతని ముఖంలోకి చూసింది. మూడు రోజుల నుంచి సారూ అంటున్న మనిషి, ఇప్పుడు పిలుపు మార్చింది. “చూడబుద్ధయితే ఎప్పుడన్న ఇంటికి రా తమ్మీ. నువ్వు చేసిన మొఖం ఆడనే ఉంటది.”

“వస్త అక్కా,” అన్నాడు.

కొత్తవాడ ఎంతో దూరం కాదు. కానీ వాళ్లింటికి మెట్లున్నాయని భాస్కర్ ఏదో మాటల్లో అన్నట్టు గుర్తు. జ్ఞానప్రకాశం వెనక్కి తన బల్ల దగ్గరికి నడిచాడు. ప్రీతి నాలుగు దూది ఉండలనూ చెత్తబుట్టలో వేయబోయి, అతనివైపు చూసి, బల్ల మూలన కాగితం మీద పెట్టింది. టర్పెంటైన్ ఆరిపోయి సీసం మాత్రం మిగిలింది. అతను వాటిని కాస్త పక్కకు జరిపి, పొద్దున సగంలో ఆపేసిన పాస్‌పోర్టు ఫోటోల తావును కట్టరు మీద సరిచేసుకున్నాడు. ఎనిమిది ముఖాలు, ఒకే మనిషివి, ఎనిమిదీ నున్నగా. పిడి కిందికి నొక్కాడు.